ఎడమకాలు ముందు పెట్టిన ఆమె

ఫాల్గుణ మాసం, ఆదివారం. గద్వాల. హాజరైనవారు: ఇంటి యజమాని పటేలు, ఆయన భార్య, ఆయన వదినె; వనపర్తి నుంచి వచ్చిన పిల్లవాడి తండ్రి, మేనత్త, మేనమామ; నేను. లోపలి గదిలో పెళ్ళికూతురు. పిల్లవాడు రాలేదు. ఎండ బాగా ఉంది.

నా పాత డైరీలో ఒక పేజీ ఇట్లా మొదలవుతుంది. ఎవరెవరు ఉన్నారో ముందు రాసుకుని, ఏం జరిగిందో తర్వాత రాయడం నా అలవాటు. ఆ రోజు మాత్రం జరిగింది ఒక్క వాక్యంలో ముగించాను: "అమ్మ నడిచి చూపించింది." మిగతాది మరిచిపోతానన్న భయం లేక రాయలేదు.

పోయిన నెల నాగర్‌కర్నూల్లో మా ఇంటికి ఫోన్ వచ్చింది. ఆమె కూతురు. "సార్, అమ్మ పోయింది. పండుకున్నది పండుకున్నట్టే" అంది. తొంభై దాటిన మనిషి. ఏడవడానికి నాకేం హక్కు ఉందని? ఆ ఇంట్లో కిరాయికి ఉన్నవాణ్ణి, అంతే. కానీ ఆ రోజంతా డైరీలు తీసి నేల మీద పరుచుకుని కూర్చున్నాను.

గద్వాల బడిలో డ్రిల్లు మాస్టరుగా చేరిన కొత్తలో వాళ్ళింట్లో ముందు గది నాది. వాళ్ళకు గట్టు అనే ఊరి దిక్కున మెట్ట పొలం ఉండేది. పిల్లల చదువుకని గద్వాలలో ఇల్లు పెట్టారు. పటేలు వారంలో నాలుగు రోజులు పొలం దగ్గరే ఉండేవాడు. చాలా నెమ్మదైన మనిషి. ఏ విషయం అడిగినా "చూద్దాం తియ్యి" అనేవాడు. దాని అర్థం సరే అని ఇంట్లో అందరికీ తెలుసు. ఇల్లంతా ఆమె చేతి మీద నడిచేది.

ఆమెను నేను "అమ్మా" అని పిలిచేవాణ్ణి. పొడవు తక్కువ. భుజాలు వెడల్పు. పని చేసేటప్పుడు కొంగును ఎడమ భుజం మీదుగా తెచ్చి నడుముకు బిగించి కట్టేది, పటకాలాగా. దుప్పట్లు మడిచి పెడితే అన్నీ ఒకే కొలతలో, అంచుకు అంచు కలిసి ఉండేవి. ఎవరైనా మడత చెడగొడితే ఏమీ అనేది కాదు, మొత్తం దింపి మళ్ళీ మొదటి నుంచి పేర్చేది. చెప్పులు తలాపున పెట్టుకుని పడుకునేది. "చెప్పులు నెత్తికాడ పెట్టుకుంటరానే!" అని తోటికోడలు, అంటే పటేలు వదినె, ముక్కు విరిచేది. "కాళ్లకాడ పెడితె చీకట్ల దొరకయక్కా" అనేది ఈమె, అంతకుమించి చెప్పకుండా.

గద్వాలలో జోరుగా వాన పడితే అందరూ సంతోషించేవాళ్ళు. ఆమె గడపలో నిలబడి చూసి, "ఇదేం వాన" అనేది. అంతకంటే పెద్ద వాన ఎక్కడ చూసిందో ఎవరూ అడిగేవాళ్ళు కాదు. మలయాలో అని అందరికీ తెలుసు.

ఆమె పుట్టిన ఊరు తుంగభద్ర అవతలి ఒడ్డున. కరువు ఏడు, కూలీలను కుదుర్చుకుని తీసుకుపోయే కంగాణి ఒకడు వస్తే, తండ్రి పిల్లలతో సహా వాడి వెంట మద్రాసు పోయి ఓడెక్కాడు. మలయాలో రబ్బరు తోటలు. తెల్లవారక ముందే చెట్టుకు గాటు పెట్టి పాలు పట్టడం పని. యుద్ధం అయిపోయాక తిరిగి వచ్చారు. ఆమెకు ఇటు గట్టు వైపు సంబంధం చూసి పెళ్ళి చేశారు. ఆమె గురించి ఊరికి తెలిసింది ఇంతవరకే. తెలియాల్సిన అవసరం లేనిది మాత్రం ఇంకొకటి అందరికీ తెలుసు. కొత్తకోడలిగా అత్తింటి గడప దాటినప్పుడు ఆమె ఎడమకాలు ముందు పెట్టింది.

కుడికాలు ముందు పెట్టమని చెప్పకుండా ఏ తల్లీ కూతుర్ని అత్తగారింటికి పంపదు. ఆమెకూ చెప్పే ఉంటారు. అయినా ఎడమకాలే పడింది. ఆ ఎండాకాలం బావి ఎండింది. మరుసటి ఏడు ఒక ఎద్దు చచ్చింది. ఇక "ఎడమకాలామె" అన్న పేరు నిలిచిపోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరైనా శుభకార్యానికి బయలుదేరితే ఆమె వంటింట్లోకి పోయేది, ఎవరూ చెప్పకుండానే. ముత్తైదువ అయి ఉండి ఎదురు రావడానికి నోచుకోని మనిషిని నేను ఆమెనొక్కతెనే చూశాను.

నాకు తెలిసింది ఇట్లా. పంద్రాగస్టు దగ్గర పడుతోంది. గొంతు సవరించుకోవడానికి రోజూ పొద్దున్నే వాకిట్లో నిలబడి హుకుములు అరిచేవాణ్ణి. ఎదురుగా గోడ తప్ప ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఒకరోజు "తేజ్ చల్!" అని అరిచి, కొంచెం ఆగి, "థమ్!" అన్నాను. వెనుక నుంచి రెండు అడుగుల చప్పుడు వినిపించింది. ఒకటి, రెండు. తిరిగి చూస్తే ఆమె, నెత్తిన నీళ్ళ బిందెతో, మడమలు కలిపి కదలకుండా నిలబడి ఉంది. బిందెలో నీళ్ళు ఒలకలేదు. థమ్ అన్నాక రెండడుగులు వేసి ఆగడం నేర్పితేనే వస్తుంది. నేను నెలల తరబడి పిల్లలకు నేర్పుతున్నాను, ఇంకా రాలేదు.

ఆమె నా ముఖం చూసింది. నేను ఆమె కాళ్ళు చూశాను.

"సారూ, నువ్వేం జూడలే" అంది.

"నేనేం చూడలేదమ్మా" అన్నాను.

అప్పటి నుంచి నా కుతూహలానికి నిద్ర పట్టలేదు. నేను అడిగేవాణ్ణి కాదు. పల్లికాయలు ఒలిచేటప్పుడు ఎదురుగా కూర్చుని నేనూ ఒలిచేవాణ్ణి. చాటలో ఒలిచిన గింజలు కుప్ప అయ్యేసరికి ఒక ముక్క చెప్పేది. ఇంకో ముక్క కోసం మళ్ళీ పల్లికాయలు వచ్చేదాకా ఆగాలి.

సింగపూర్లో మనవాళ్ళు ఫౌజు కట్టారు. తెల్లవాళ్ళను వెళ్ళగొట్టడానికి బర్మా మీదుగా మన దేశంలోకి నడిచిపోవాలని. ఆడవాళ్ళకు వేరే పటాలం. ఎవరికి ఇష్టమైతే వాళ్ళు పేరు ఇవ్వవచ్చు. తోటల్లోకి వచ్చి చెప్పారు. ఈమెకు పదహారో పదిహేడో. తండ్రి వద్దన్నాడు. పోయింది.

"మన దేశం చూసినవా అమ్మా అప్పటికి?" అని అడిగాను ఒకసారి.

"చిన్నప్పుడు ఇడిసిపెట్టి పోయినం. ఏం యాదికి లేదు. ఒక వాగు, దాంట్ల ఒక బర్రె. గంతే."

"దానికోసం పోయినవా?"

"బర్రె కోసమే పోయిన అనుకో" అని నవ్వి, "నువ్వు రోజూ ఏందో రాస్తవ్ గద సారూ. జరిగింది రాస్తవా, చెప్పింది రాస్తవా?" అంది.

నేను ఇంకో పల్లికాయ ఒలిచాను.

ఆమె యుద్ధం చేయలేదు. ఆ మాట ఆమే చెప్పింది, దాచలేదు. తుపాకీ పేల్చింది చాందమారిలో, మట్టిదిబ్బ మీద గురి నేర్చుకునేటప్పుడే. రైలెక్కించి బర్మా దాకా తీసుకుపోయారు. ముందుకు పంపుతారు, పంపుతారు అని ఎదురుచూస్తుండగానే ఫౌజంతా ఓడి వెనక్కి తిరిగింది. వానల్లో, బురదలో, జలగల మధ్య నడక. "నిలబడి సచ్చినోళ్లను నేను జూడలే సారూ. జరసేపు కూసుంట అన్నోళ్లే లేవలే" అనేది. ఇంట్లో ఆమె పగటిపూట చేరగిలబడి కూర్చోవడం నేను ఎన్నడూ చూడలేదు. కూర్చున్నా గొంతుకూర్చునే ఉండేది, లేవడానికి సిద్ధంగా.

"మరి కుడికాలు ముందు పెట్టడం అలవాటు చేసుకోవచ్చు కదమ్మా?" అన్నాను. కవాతులో మొదటి అడుగు ఎప్పుడూ ఎడమదేనని నాకు వేరే చెప్పనక్కరలేదు.

"చేసిన. పెట్టినప్పుడల్ల తట్టుకుంటున్న."

"అంతేనా?"

గింజ నోట్లో వేసుకుని కాసేపు నమిలింది. "గంతే అనుకో."

అది అలవాటో, మొండితనమో నాకు ఇప్పటికీ తేలలేదు. రెండేళ్ళు రోజూ ఆ కాళ్ళను చూశాను. వంటింట్లోకి పోయేటప్పుడు ఒక్కోసారి కుడికాలు పడేది. తోటికోడలి గది గడప దగ్గర మాత్రం తప్పకుండా ఎడమదే.

సంగతి ఎందుకు దాచిందో అడగకుండానే చెప్పింది. ఓడ దిగిన రోజు తండ్రి ఒట్టు వేయించుకున్నాడు. పెళ్ళికాని పిల్ల, సిపాయిల మధ్య డేరాల్లో ఉండి వచ్చిందంటే ఎవరు చేసుకుంటారు? "రబ్బరు పాలు గీసిన అని చెప్పు. దాని ముంగట ముచ్చట లేదు, దాని ఎనుక ముచ్చట లేదు." భర్తకు కూడా చెప్పలేదు. పాతికేళ్ళ కాపురంలో అపశకునం అనిపించుకుంది కానీ ఆ మాట మాత్రం బయటపెట్టలేదు.

ఇక ఆ ఆదివారం.

కూతురికి అప్పటికే రెండు సంబంధాలు వచ్చి, "తల్లి ఎడమకాలిది" అని వినగానే వెనక్కి పోయాయి. ఇది మూడోది. వనపర్తిలో పిల్లవాడు బడిపంతులు. కూతురు అతన్ని ఒక పెళ్ళిలో చూసింది, ఇష్టపడింది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి పొద్దుటి నుంచి ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. పిల్లవాడికి తల్లి లేదు. మేనత్తే పెంచింది. కాబట్టి ఆమె మాటే మాట. వనపర్తిలో చదువుకున్నవాణ్ణి కదా, వచ్చినవాళ్ళకు మాటతోడుగా ఉంటానని నన్నూ కూర్చోబెట్టారు.

పిల్లను చూశారు, నచ్చింది. అప్పుడు మేనత్త గొంతు సవరించుకుంది.

"ఒక్క మాట పటేలా. మీ ఇంటామె సంగతి ఇన్నం. ఎడమకాలు పెట్టి ఇల్లు జొచ్చిందట. ఆ ఏడే బాయి ఎండిందట."

పటేలు వదినె తమలపాకుల పళ్ళెం వైపు శ్రద్ధగా చూడసాగింది.

"గట్టు దిక్కు బాయిలు ఎవరు కాలు పెట్టకున్నా ఎండుతయమ్మా" అన్నాడు పటేలు నవ్వుతూ.

మేనమామ కూడా నవ్వాడు. మేనత్త నవ్వలేదు.

"తల్లిలేని పిలగాన్ని పెంచిన. నా భయం నాకుంటది. లగ్గం నాడు కాళ్లు కడిగే పీట మీద మీ వదినె కూసోవాలె. మీ ఇంటామె లోపలనే ఉండాలె. పిల్లను సాగదోలినంక బయటికి రానీ. గట్లయితే మాకు సమ్మతమే."

పటేలు కొంచెంసేపు పంచె అంచు సర్దుకున్నాడు. "చూద్దాం తియ్యి" అన్నాడు.

ఆ మాటకు అర్థం తెలియని వాళ్ళు అక్కడ వచ్చిన ముగ్గురే. మజ్జిగ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉన్న ఆమెకు బాగా తెలుసు. పళ్ళెం కింద పెట్టింది. కొంగు బిగించి కట్టుకుంది.

"సారూ, ఇటు రా. జర హుకుం ఇయ్యి."

"ఏం హుకుం అమ్మా?"

"పొద్దుగాల గోడకిస్తవు గద. గదే."

ఇది జరిగితే సంబంధం పోవచ్చు, సంబంధంతో పాటు కాపురం కూడా పోవచ్చు. "ఒకసారి ఆలోచించమ్మా" అన్నాను మెల్లగా.

"పాతికేండ్లు ఆలోచించిన. ఇయ్యి."

వాకిట్లోకి నడిచాం. నేను "సావధాన్" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. ఆమె నా వైపు చూసింది, ఇంకొంచెం గట్టిగా అన్నట్టు. "తేజ్ చల్!" అని అరిచాను, బడి మైదానంలో అరిచినట్టు.

ఎడమకాలు లేచింది. చేతులు ఊగాయి. వాకిటి చివర పేర్చిన జొన్న బస్తాల దాకా పోయింది. "పీఛే ముడ్" అంటే మడమ మీద తిరిగింది. తిరిగి వచ్చింది. "థమ్." ఒకటి, రెండు. మేనత్తకు ఎదురుగా ఆగింది. ఊపిరి ఎగపోస్తోంది. నవ్వలేదు, ఏడవలేదు.

"గిది నా ఎడమకాలు వదినె. ఇది శకునం కాదు, కవాతు. ఫౌజుల నేర్పిన్రు."

"ఏ ఫౌజు? మొగోళ్ల ఫౌజుల నీకేం పని?"

"ఆడోళ్లకు వేరే ఉండె. తెల్లోడు పోవాలె, మన రాజ్యం మనకు రావాలె అని పోయినం. ఎవ్వరు పట్టుకపోలే. నా అంతట నేను పేరిచ్చిన."

"పెండ్లిగాని పిల్లవు. డేరాలల్ల ఉంటివా?"

"ఉంటి."

తండ్రి ఏ ప్రశ్నకు భయపడి ఒట్టు వేయించుకున్నాడో ఆ ప్రశ్న వచ్చింది, జవాబూ వచ్చింది. పటేలు లేచి, చెప్పులు వేసుకుని, ఎటో పోయాడు. వచ్చినవాళ్ళు భోజనానికి ఆగలేదు. మేనత్త గ్లాసులో మజ్జిగ అట్లాగే ఉంది. "కబురు చేస్తం" అని జీపెక్కారు.

కూతురు లోపలి నుంచి వచ్చింది. ఏడ్చినట్టుంది. తల్లి పక్కన నిలబడింది.

"బడిల నన్ను ఎడమకాలామె బిడ్డ అంటుండ్రి. అప్పుడు చెప్తే ఏమాయె?" అంది.

"చెప్తే ఇంకేమంటుండ్రో."

"సంబంధం పోయినట్టేనా?"

"పోతె పోయినట్టే. నా మీద కోపమొచ్చిందా?"

పిల్ల తల్లి పాదాల వైపు చూసింది. "బూట్లు గిట్ల ఏసుకుంటుంటివా అమ్మా?"

"ఏసుకుంటుంటి. పెద్దగయితుండె. పేలికలు కుక్కుకొని ఏసుకుంటుంటి."

పటేలు పొద్దుగూకాక వచ్చి, తిని, ఒక్క మాట మాట్లాడకుండా పడుకున్నాడు.

మరునాడు నేను లేచేసరికి ఆయన మంచం ఖాళీగా ఉంది. ఆమె వాకిట్లో నిలబడి ఉంది. "తెల్లారకముందే పోయిండు సారూ. పొలంకాడికి పోయిండో, నన్ను అప్పజెప్పనీకె మా తోడబుట్టినోళ్లను పిలుచుకరాబోయిండో. ఏం చెప్పలే" అంది. అంతకుముందెన్నడూ ఆమె గొంతులో భయం వినలేదు.

మొదటి బస్సుకు వనపర్తి నుంచి మేనమామ దిగాడు. కాళ్ళు కడుక్కోకుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

"అక్కా, మా వదినె నిద్రపోలే, మమ్మల్ని పోనియ్యలే. ఆకరికి ఒప్పుకున్నది. పీట మీద నువ్వే కూసో."

కూతురు తలుపు చాటు నుంచి ఒక అడుగు ముందుకు వేసింది.

"ఒక్కటే మాట. ఫౌజు ముచ్చట బయటికి పోవద్దు. ఎడమకాలుకైతే అయ్యగారిని పిలిచి శాంతి చేపిస్తమన్నది. ఫౌజుకు శాంతి లేదు గద! నిన్న ఉన్నోళ్లం ఏడెనిమిది మందిమి. మనలనే ఉండనీ. ఎడమకాలంటే ఎడమకాలే అనుకుందము."

కోరుకున్నది చేతిలో పెట్టి, మళ్ళీ నోరు మూసుకోమన్నారు. ఆమె కూతురి ముఖం చూసింది. కూతురు నేల చూపులు చూస్తోంది. ఆమె నోరు తెరిచి ఏం చెప్పబోయిందో మాకు తెలియలేదు. ఎందుకంటే అప్పుడే వాకిట్లోకి మంగలి వచ్చి నిలబడ్డాడు. చేతిలో కత్తెర అట్లాగే ఉంది.

"అమ్మా, పటేలు హోటల్ల చెప్తుండు, నిజమేనా? నువ్వు తుపాకి పట్టినవంట గద!"

అతని వెనుక పాలు పోసే ఆమె. ఆమె వెనుక, ఎన్నడూ ఈ గడప తొక్కని పక్కింటి ముసలాయన.

"ఏం చెప్తుండు?" అన్నాడు మేనమామ, నెత్తి మీద చేయి పెట్టుకుని.

నేను, మేనమామ హోటలుకు ఉరికాం. పటేలు బెంచీ మీద నిలబడి ఉన్నాడు. "చూద్దాం తియ్యి" తప్ప మరో మాట రాని మనిషి చేతులు ఊపుతూ చెబుతున్నాడు. చాయ్ చల్లారిపోయి ఉంది. చుట్టూ జనం. చెప్పేదంతా తప్పు.

"...జపానోళ్లు ఒక దిక్కు, మా ఇంటామె ఒక దిక్కు! తుపాకి పట్టుకొని..."

"జపానోళ్లు వీళ్ళ వైపే పటేలా" అన్నాను ఆగలేక.

"అవునా? మంచిది, జపానోళ్లు ఇటు దిక్కే! తెల్లోళ్లు అటు దిక్కు!"

"బావా, జర మెల్లగ" అని మేనమామ చేయి పట్టి లాగాడు. "ఈ ముచ్చట బయటికి పోవద్దని చెప్పనీకె వచ్చిన."

"పోయింది" అన్నాడు పటేలు. "బస్టాండుల చెప్పిన, మండిల చెప్పిన. గిది మూడో హోటలు. పాతికేండ్ల సంది నా పెండ్లాన్ని ఊరు ఊరంత ఎడమకాలామె అంటుంటే ఇనుకుంట కూసున్న. ఇగ నేను చెప్పేది జర ఊరు ఇననీ."

జనంలో ఎవరో నవ్వారు. ఎవరో "డేరాలల్ల ఉన్నదంట" అన్నారు కూడా. పటేలు అటు తిరిగి, "ఉన్నది. నువ్వు ఏడ ఉంటివి అప్పుడు?" అన్నాడు. ఆ మనిషి చాయ్‌లోకి చూసుకున్నాడు.

మేనమామ బెంచీ మీద కూలబడ్డాడు. హోటలాయన ఇచ్చిన చాయ్ అందుకున్నాడు. సగం తాగేసరికి అతని ముఖం మారింది.

"అయితే బావా, తుపాకి నిజంగ పేల్చిందా?"

"నాకేం తెల్సు? నేను నిన్ననే ఇన్న."

మేనమామ పగలబడి నవ్వాడు. "సరే తియ్యి. దాసేదానికి ఏం మిగల్లే. మా వదినెకు నేను చెప్పుకుంట. గద్వాల గద్వాలంత ఎరుకైనంక ఆమె ఒక్కతె ఏం చేస్తది? పిలగాడు ఎట్లాగు పిల్లనే అంటుండు. లగ్గం పెట్టుకుందము."

ముగ్గురం ఇంటికి తిరిగి వచ్చాం. వాకిట్లో జనం ఇంకా ఉన్నారు. ఆమె వాళ్ళ మధ్య నిలబడి ఉంది. భర్తను చూసి కొంగు సర్దుకుంది. ఆయన తిన్నగా ఆమె ముందుకు పోయి ఆగాడు. హోటల్లో ఉన్న ధైర్యం అక్కడ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"జపానోళ్లు మీ దిక్కేనంట గద" అన్నాడు. "నేను తప్పు చెప్పిన. సారు దిద్దిండు. మరి... ఏమైందో నాకు చెప్పరాదు?"

ఆమె చాప తెచ్చి పరిచింది. ఆయన కూర్చున్నాడు, ఆయన పక్కన మేనమామ, గుమ్మం దగ్గర కూతురు. ఆమె కూడా కూర్చుంది. గొంతుకూర్చోలేదు. గోడకు వీపు ఆనించి, కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుంది.

"మొదలుకెల్లి చెప్త" అంది. "నడుమల అడ్డం రాకు."